సీటీసీలో ఒక కొటేషన్ కాగితం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగేవాళ్లలో చాలామంది చేతుల్లో ఒక కొటేషన్ కాగితం ఉంటుంది. ఒక షాపులో రాయించుకోవడం, దాన్ని పక్క షాపులో చూపించి ఇంకో రెండొందలు తగ్గించమనడం సీటీసీలో ఎప్పుడూ నడిచే వ్యవహారమే. అందుకే షాపులవాళ్లు ఆ కాగితం మీద పెద్దగా మనసు పెట్టరు. నోటికొచ్చిన పేర్లు నాలుగు రాసి, కింద మొత్తం వేసి చేతిలో పెడతారు.

నా దగ్గర ఒక కాగితం ఉంది, అలా రాసింది కాదు. 2023లో మా మేనల్లుడు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు గేమింగ్ కంప్యూటర్ కోసం రాయించుకున్నది. మానిటర్, యూపీఎస్ కలుపుకుని 75 వేలు దాటకూడదని వాళ్ల నాన్న షరతు. రాసినాయన చాలా ఏళ్లుగా అక్కడే మిషన్లు బిగిస్తున్న అసెంబ్లర్. కాగితం మీద ఉన్నవి తొమ్మిది వరసలు. వాటిలో ఏ ఒక్క వస్తువూ అబ్బో అనిపించేది కాదు. కానీ ఏ వరస మార్చబోయినా మరో రెండు వరసలు అడ్డం తిరుగుతాయి. తక్కువ డబ్బుతో చేసే పనిలో నేర్పంతా అక్కడే ఉందని నాకు ఆ కాగితం చూశాకే అర్థమైంది.

ఆయన పైనుంచి కిందికి రాయలేదు. కాగితం కొట్టకొనన మానిటర్‌తో మొదలుపెట్టాడు. "ఏం గేములు ఆడతవ్ తమ్మీ?" అన్నదే మొదటి ప్రశ్న. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ అన్నాడు మావాడు, అప్పుడప్పుడు సైబర్‌పంక్ కూడా అన్నాడు. ఈ జవాబులో రెండు జాతుల గేములున్నాయి. వాలరెంట్ లాంటివి బొమ్మల్ని తేలిగ్గా గీసేస్తాయి, సెకనుకి వందల ఫ్రేములు కావాలంటాయి. ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్ 2077 వీధుల్లో వాన నీళ్లు, నియాన్ వెలుగులు గీయడానికి గ్రాఫిక్స్ కార్డు చెమటోడుస్తుంది, ప్రాసెసర్ కొంత తీరిగ్గా ఉంటుంది. రెండూ ఆడేవాడికి ఏ ఒక్కదాని మీదో డబ్బంతా కుమ్మరించడం కుదరదు.

మానిటర్ 24 అంగుళాలు, 1920×1080, 165 హెర్ట్జ్ అని రాశాడు. మావాడు 2560×1440 కావాలని గొణిగాడు. ఆ పరిమాణంలో గీయాల్సిన చుక్కలు దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు అవుతాయి. అప్పుడు కార్డు మారాలి, కార్డు మారితే పవర్ సప్లై మారాలి, దానితో యూపీఎస్ కూడా. మానిటర్‌ని ముందే కట్టేస్తే మిగతావన్నీ ఎక్కడ ఆగాలో తేలిపోతుంది. దాని వెంటనే యూపీఎస్ వరస రాసి, ఆ రెంటికీ పోగా ఎంత మిగిలిందో పక్కన చిన్న అంకెల్లో వేసుకున్నాడు. అప్పుడుగానీ పెన్ను కాగితం పైకి వెళ్లలేదు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 అని రాశాడు. మిగిలిన డబ్బులో మూడో వంతుకు పైగా దానికే పోయింది. 2021 అక్టోబర్‌లో వచ్చిన కార్డు అది. 8 జీబీ మెమరీ, 132 వాట్ల వాడకం. వచ్చిన కొత్తలో ధర చూస్తే దండం పెట్టి తిరిగొచ్చేలా ఉండేది. అప్పట్లో ఈథీరియం మైనింగ్ చేసేవాళ్లు దొరికిన కార్డునల్లా ఎగరేసుకుపోయేవారు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం ఆ పద్ధతికి స్వస్తి చెప్పడంతో గిరాకీ కూలిపోయి, కార్డులు మామూలు మనుషులకి అందాయి. మావాడి మనసు మాత్రం ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050 మీద ఉంది, స్నేహితుల దగ్గర అదే ఉంది మరి. రే ట్రేసింగ్‌లో, డీఎల్‌ఎస్‌ఎస్ అనే సదుపాయంలో ఎన్‌విడియాది పైచేయి అని ఆయనా ఒప్పుకున్నాడు. కానీ మామూలుగా ఆడేటప్పుడు అదే డబ్బుకి 6600 ఇచ్చే ఫ్రేములు స్పష్టంగా ఎక్కువ.

కార్డుల పేర్ల దగ్గర ఆయనకున్న అనుమానం చూసి ముచ్చటేసింది. పేరు రాసి ఊరుకోడు, పక్కన మెమరీ ఎంతో, అది ఏ రకమో కూడా రాస్తాడు. కారణం ఉంది. ఆర్‌టీఎక్స్ 3060 అన్న పేరుతో 12 జీబీది ఒకటి, 8 జీబీది ఒకటి ఉన్నాయి. తేడా మెమరీలోనే అనుకుంటాం. నిజానికి 12 జీబీ దానిలో మెమరీ దారి 192 బిట్లు, 8 జీబీ దానిలో 128 బిట్లు. వేగమే వేరు. అట్టపెట్టె మీద పెద్దక్షరాల పేరు మాత్రం రెంటికీ ఒకటే. పేరు చూసి ధర పోల్చుకునేవాడు ఇక్కడే దెబ్బతింటాడు.

ఇక కాగితంలో నన్ను కట్టిపడేసిన మూడు వరసలు: కార్డు, బోర్డు, ప్రాసెసర్. వీటిని ఆయన విడివిడిగా రాయలేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి చిన్న బాణం గుర్తులు గీశాడు.

ప్రాసెసర్ రైజన్ 5 5600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. దానికంటే తక్కువకి అదే రోజు, 2022 ఏప్రిల్ 4న, అదే కంపెనీ రైజన్ 5 5500 కూడా విడుదల చేసింది. అదీ ఆరు కోర్లే, ప్రకటనలో చూస్తే కవలపిల్లలు. తీరా చూస్తే 5600లో 32 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉంటే 5500లో 16 మాత్రమే. గేముల్లో ఈ క్యాష్ లెక్క చిన్నదేం కాదు, ప్రాసెసర్ ప్రతిసారీ ర్యామ్ దాకా పరుగెత్తకుండా కాపాడేది అదే. ఇంకో తేడా లోపల దాగి ఉంది. 5600 పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో తరానిది, 5500 మూడో తరం దగ్గరే ఆగిపోయింది. కార్డు లేకుండానే బొమ్మ చూపించగల 5600జీ కూడా అంతే: సగం క్యాష్, మూడో తరం.

ఈ తరం గొడవ ఎందుకంటే కార్డు కోసం. ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య సమాచారం నడిచే దారుల్ని లేన్లు అంటారు. బోర్డు మీద ఆ పొడవాటి స్లాట్‌కి పదహారు లేన్లు ఉంటాయి. 6600 వాడుకునేవి ఎనిమిదే. కార్డు చెయ్యి స్లాట్ నిండా కూర్చుంటుంది కాబట్టి బయటికి తెలియదు. నాలుగో తరంలో ఒక్కో లేన్ మూడో తరం కంటే రెట్టింపు మోస్తుంది, ఎనిమిది లేన్లు చాలిపోతాయి. అదే కార్డుని మూడో తరం బోర్డులో పెడితే దారి సగమవుతుంది. మామూలప్పుడు నష్టం కొద్దిగానే ఉంటుంది. కార్డులోని 8 జీబీ నిండిపోయి, మిగిలింది ర్యామ్‌లోంచి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆట తడబడుతుంది. ఇదే వంశంలో నాలుగు లేన్లతో, 4 జీబీతో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని పాత బోర్డుల్లో పెట్టుకున్నవాళ్లకి ఈ పాఠం గట్టిగానే అందింది.

నాలుగో తరం దారి తెరుచుకోవాలంటే ప్రాసెసర్‌లోనూ ఉండాలి, బోర్డులోనూ ఉండాలి. రెంటిలో ఏది వెనకబడితే దాని వేగమే దక్కుతుంది. ఏ520, బీ450 బోర్డులు చవక, కానీ వాటిది మూడో తరం. అందుకని బీ550 రాశాడు. అక్కడ పెరిగిన డబ్బుని బోర్డు సైజులో కొంత వెనక్కి లాగాడు: పెద్ద ఏటీఎక్స్ కాకుండా 244 మిల్లీమీటర్ల చదరంగా ఉండే మైక్రో ఏటీఎక్స్ తీసుకున్నాడు. పోయినవి ఎటూ వాడని మూడు స్లాట్లు. వైఫై లేని బోర్డు తీసుకోవడంతో ఇంకొంత మిగిలింది. రౌటర్ పక్క గదిలోనే ఉందని ముందే అడిగి తెలుసుకున్నాడు. గోడ వెంట ఒక ల్యాన్ వైరు లాగితే సరిపోయింది, ఆన్‌లైన్ ఆటలకి అదే మేలు కూడా.

బోర్డు వరస చివర "బయోస్ చూడాలె" అని రాసి ఉంది. దాని వెనక పెద్ద కథే ఉంది. ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది. 2017 నుంచి రైజన్ 1000, 2000, 3000, 5000 అన్నీ ఆ 1331 పిన్నుల సాకెట్‌లోనే కూర్చుంటూ వచ్చాయి. సాకెట్ మారలేదు కదా అని ధీమాగా కొంటే లాభం లేదు. బోర్డుకి ప్రాసెసర్ ఫలానాదని చెప్పేది బయోస్. చాలా పాత బోర్డుల్లో ఆ బయోస్ ఉండే చిప్ 16 మెగాబైట్లే. ఇన్ని తరాల ప్రాసెసర్లకి అందులో చోటు చాలక, కొత్తవాటిని చేర్చడానికి కొన్ని పాతవాటి వివరాలు తీసేయాల్సి వచ్చింది. 2020 మేలో ఏఎండీ, 400 సిరీస్ బోర్డుల్లో రాబోయే తరం పనిచేయదని ప్రకటించింది. కొన్నవాళ్లు మండిపడితే అదే నెలలో మాట వెనక్కి తీసుకుంది. బీ550 బోర్డులు ఆ సంవత్సరం జూన్‌లోనే వచ్చాయి, రైజన్ 5000లు నవంబర్‌లో. అంటే గోదాములో పడి ఉన్న తొలి సరుకు చేతికొస్తే బీ550 అయినా ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోవచ్చు. కొత్తగా కొన్న మిషన్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. ఇంట్లో మొదటిసారి బిగించుకునే కుర్రాడు బోర్డు కాలిపోయిందనుకుంటాడు. ఈయన అట్టపెట్టె మీద రైజన్ 5000 స్టిక్కర్ చూస్తాడు, అయినా నమ్మకుండా బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నదే ఎంచుకుంటాడు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ పెట్టి బయోస్ మార్చుకునే సౌకర్యం అది.

ఆ వరసలో ముందుచూపు కూడా ఉంది. 2022లోనే ఏఎం5 వచ్చేసింది. దానిలో డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పట్టదు, బోర్డుల ధరలు ఈ బడ్జెట్‌కి అందేవి కావు. చనిపోతున్న సాకెట్ ఎందుకని కొనవద్దన్నవాళ్లు మాకు చాలామంది తగిలారు. తీరా 2024 జనవరిలో అదే పాత సాకెట్‌కి 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌తో రైజన్ 7 5700ఎక్స్3డీ వచ్చింది. మావాడి బోర్డు బయోస్ మారిస్తే దాన్ని తీసుకుంటుంది.

ర్యామ్ వరసలో "8+8" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. 16 జీబీ ఒకే కర్రగా కొంటే ఒక ఛానెలే పనిచేస్తుంది, రెండు ఎనిమిదులైతే రెండూ పనిచేస్తాయి. ధరలో తేడా నామమాత్రం, ఆటలో తేడా కంటికి కనిపించేంత. పెట్టేటప్పుడు కూడా ప్రాసెసర్ వైపునుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కన పెడితే ఈ కష్టమంతా వృథా. ఇంకోటి, డబ్బా మీద 3200 అని ఉన్నంతమాత్రాన అది ఆ వేగంతో పరుగెత్తదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసేదాకా చాలా కర్రలు 2133 దగ్గరో 2666 దగ్గరో నింపాదిగా నడుస్తాయి. 3200కి డబ్బిచ్చి ఏళ్ల తరబడి 2666తో కాపురం చేసేవాళ్లు కొల్లలు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఊడ్చుకుపోయి ధరలు నెత్తికెక్కాయి. అప్పుడు ఈ వరస మళ్లీ చూసుకుని మా బావ తానేదో ముందే పసిగట్టినట్టు మీసం దువ్వుకున్నాడు.

ఎస్‌ఎస్‌డీ గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. 1 టీబీ, 2280 సైజు ఎన్‌వీఎంఈ, ప్రాసెసర్‌కి నేరుగా కలిసే పై స్లాట్‌లో. కింది స్లాట్‌లో పెడితే కొన్ని బోర్డుల్లో రెండు సాటా పోర్టులు మూగబోతాయి.

బడ్జెట్ తగ్గించమంటే ఎవరైనా మొదట కోత వేసేది పవర్ సప్లై మీద. ఆట వేగానికి దానితో సంబంధం లేదు కదా! ఈయన మాత్రం బేరంలో అన్నీ కదిలించనిచ్చాడు గానీ ఆ వరసని ముట్టుకోనివ్వలేదు. 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్. లెక్క నోటితోనే వేశాడు. ఈ ప్రాసెసర్ గట్టిగా లాగితే 76 వాట్లు, కార్డు 132, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కు అన్నీ కలిపి మరో యాభై. మొత్తం 260 దగ్గర తేలింది. సప్లై సగం బరువు దగ్గర మోస్తున్నప్పుడే తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ పొదుపుగా ఉంటుంది. రేపు ఇంకో యాభై, అరవై వాట్లు ఎక్కువ లాగే కార్డు పెట్టుకున్నా దాన్ని మార్చక్కర్లేదు. కరెంటు వైర్ల దగ్గర కూడా ఒక తిరకాసు ఉంది. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు, కార్డుకి వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల ప్లస్సులూ మైనస్సులూ తారుమారు. గాడుల ఆకారం వేరుగా పెట్టడం వల్ల తేలిగ్గా దూరవు. బలంగా నొక్కితే దూరుతుంది అనుకునేవాళ్లే ప్రమాదం. ఊడదీసే వైర్లున్న మాడ్యులర్ సప్లైలదైతే మరీ దారుణం. ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ సప్లైలో చక్కగా కూర్చుంటుంది, డిస్కుల్ని చక్కగా కాల్చేస్తుంది. సప్లై వైపు పిన్నుల వరసకి అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు.

ఈ వరసకే యూపీఎస్ ముడిపడి ఉంది, ఇది మన ఇళ్ల సంగతి. ఇప్పటి మంచి సప్లైలన్నిటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది. చవక యూపీఎస్‌లు కరెంటు పోగానే మెట్లుమెట్లుగా ఉండే అలని పంపిస్తాయి. ఆ రెండింటికీ పడకపోతే లైట్లు ఆగిన మరుక్షణం కంప్యూటరూ ఆగుతుంది. యూపీఎస్ ఎందుకు కొన్నట్టో తెలియదు. 600 వీఏ అని రాసి ఉన్నవి చాలావరకు 360 వాట్లే మోస్తాయి కూడా. మానిటర్ కూడా కలిపితే మిషన్‌కి అంచున నిలబడ్డట్టే. అందుకని 1000 వీఏ రాశాడు. షాపులో ఆట నడుస్తుండగా గోడ ప్లగ్ పీకి చూపించాకే డబ్బు తీసుకున్నాడు.

అంతటితో ఆగక, "మీ ఇంట్ల ఎర్తింగ్ ఉందా సార్?" అని నన్నడిగాడు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని తిరిగొచ్చేవాళ్లు వారానికొకరు ఉంటారట. సప్లై లోపల కరెంటు చెత్తని వడకట్టే చిన్న కెపాసిటర్లు రెండు కరెంటు వైర్లకీ ఎర్త్‌కీ మధ్య ఉంటాయి. ఇంట్లో ఎర్తింగ్ ఉంటే ఆ లీకు నేలలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ ఇనుము మీద మెయిన్స్‌లో సగం వోల్టేజీ తేలుతూ ఉంటుంది. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి చేతికి చిమచిమలాడుతుంది. సప్లై మార్చినా అది పోదు, గోడలో ఎర్త్ వైరు పడాలి. ప్రపంచంలో ఏ విడిభాగాల జాబితా చూసినా ఈ వరస ఉండదు. ఇక్కడి ఇళ్లు చూసినవాడే అడగగల ప్రశ్న అది.

కాగితం చదవడం చాలుననుకుంటే ఆయన చేతుల సంగతి ఒకటి మిగిలిపోతుంది. ప్రాసెసర్‌తోపాటు డబ్బాలో వచ్చే చిన్న కూలర్ బిగించాలంటే బోర్డు మీదున్న ప్లాస్టిక్ పట్టీలు ముందు విప్పాలి. ఆ నాలుగు స్క్రూలూ వదలగానే బోర్డు వెనకున్న ఇనుప పలక కింద పడిపోతుంది. తెలియనివాళ్లు తెల్లబోయి వెతుక్కునే చోటు ఇదే. ఈయన ఎడమచేతి వేళ్లు బోర్డు వెనకకి పోనిచ్చి పలకని అక్కడే ఆపి, కుడిచేత్తో కూలర్ దించి, ఐమూలగా ఒక స్క్రూకి రెండు చుట్లు, ఎదుటిదానికి రెండు చుట్లు ఇస్తూ పోయాడు. ఒకటే బిగించేస్తే కూలర్ ఒక పక్కకి ఒరిగి పేస్టు సమంగా పరుచుకోదు. విప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టు పట్టుకుని ఉండగా కూలర్‌ని నిలువునా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి దానితోనే వచ్చేస్తుంది. కాసేపు ఏదో ఆడించి, వేడెక్కాక మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలని మావాడికి రెండుసార్లు చెప్పాడు.

రంగుల లైట్లు వద్దన్నాడు. మావాడు మొహం ముడుచుకుంటే, ఒక్క పట్టీ పెట్టడానికి ఒప్పుకుంటూ బోర్డు మీది రెండు పిన్నుల గుంపులు చూపించాడు. మూడు పిన్నులది 5 వోల్టులు, నాలుగు పిన్నులది 12 వోల్టులు. మొదటిదాన్ని రెండోదానిలో గుచ్చితే లైట్లు ఒక్కసారి వెలిగి మరి వెలగవు.

ఈ కాగితంలో నాకు నచ్చని వరస క్యాబినెట్. ముందు భాగం జాలీగా ఉన్నది ఎంచుకున్నాడు, అది సబబే. అద్దం మూసినవి మే నెలలో పొయ్యిలవుతాయి. కానీ దానితో వచ్చిన ఫ్యాన్లు నేరుగా సప్లైకి తగిలించేవి, ఎప్పుడూ ఒకే వేగంతో మోగుతూనే ఉంటాయి. బోర్డు మీద వేగం అదుపుచేసే సాకెట్లు రెండు ఖాళీగా పడి ఉన్నాయి. ఇంకో వెయ్యి పెడితే వేడిని బట్టి తిరిగే ఫ్యాన్లు వచ్చేవి కదా అన్నాను. ఆయన తలెత్తి నా వంక చూసి, "మీ పిల్లగాని రూముల పైన ఫ్యాన్ తిరగదా సార్? ఆ చప్పుడుల ఇది ఇనబడ్తదా?" అన్నాడు. ఎండాకాలం సంగతి సరే, డిసెంబర్ రాత్రులు ఆ గదిలో పడుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ వెయ్యి నేనే పెట్టాల్సిందనిపిస్తుంది.